దూకే చోటు

ప్రియమైన మీకు,

మీ ఇల్లాలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. కవరు లావుగా ఉందని కంగారు పడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే అయినా చెయ్యి అలవాటు కొద్దీ 'అందరం' అని రాసేసింది. కొట్టెయ్యబుద్ధి కాలేదు. మీరు ఆ నీళ్ళ మీద ఆరోగ్యంగా ఉన్నారని, ఇంజను గదిలో పని ఎంత ఉన్నా వేళకి తింటున్నారని తలుస్తాను. రోజూ ప్రార్థనలో మిమ్మల్నీ, మీ ఓడనీ కూడా తలుచుకుంటున్నాను.

పెళ్ళయిన కొత్తలో తప్ప నేను మీకు ఇంత పొడుగు ఉత్తరం రాసి ఎరగను. ఫోను వచ్చాక ఆ అవసరమూ లేకపోయింది. కానీ మీ ఫోను మాటిమాటికీ తెగిపోతుంది. మళ్ళీ కలిసినప్పుడల్లా 'ఆఁ, చెప్పు' అని మీరూ, 'మీరే చెప్పండి' అని నేనూ అనుకుంటూ ఉండగానే మీ వంతు అయిపోతుంది. నిజం చెప్పాలంటే అలా తెగిపోవడం మనిద్దరికీ సుఖంగానే ఉంది. వాడి మాట రాకుండా గడిచిపోతోంది. ఇప్పుడు మీరు ఉత్తరంలో ఒక ప్రశ్న వేశారు. దానికి జవాబు మధ్యలో తెగకూడదు. అందుకే ఇన్నాళ్ళకి కలం పట్టాను.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. వంటింటి పంపు కారడం ఆగింది. ప్లంబరు వచ్చి చూసి, "ఇంతకు ముందు ఎవరమ్మా దీన్ని బిగించింది, ఓడకి లంగరు వేసినట్టు బిగించారు" అన్నాడు. మీరేనని చెప్పలేదు, నవ్వి ఊరుకున్నాను. బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నాను. కర్టెన్ల కొట్టులో పని ఎక్కువగానే ఉంది. ఊళ్ళో కొత్తగా కట్టిన ఒక పెద్ద భవనానికి తెరలు కుట్టే పనంతా మా యజమానికే ఇచ్చారు. రోజంతా అంచులు మడిచి కుట్టడమే పని. కళ్ళజోడు మార్పించుకున్నాను. మీ చెల్లెలు కులాసా. మీరు పంపిన దగ్గు మందు తనకి పనిచేసిందట.

ఇక అసలు ప్రశ్న. ఉత్తరమంతా రాసి సంతకం పెట్టాక, అడుగున మిగిలిన జాగాలో అక్షరాలు ఇరికించి రాశారు. 'ఇంట్లోంచి పియానో వినపడుతోందని చెల్లెలు చెప్పింది. వాడి పాటేనట. ఎవరు వాయిస్తున్నారు? ఎవరైనా సరే, నేను సెలవు మీద వచ్చేలోగా అది ఇంట్లో ఉండకూడదు. ప్రార్థన మందిరం పెద్దాయనతో చెప్పి పట్టుకుపొమ్మను. అది ఉంటే నేను ఆ గుమ్మం లోపలికి రాలేను.'

నేనేనండీ వాయిస్తున్నది.

మీ మీద గౌరవం లేక చేసిన పని కాదు. ఎలా మొదలైందో చెబుతాను, విన్నాక మీ ఇష్టం.

మన తొందరయ్య పోయాక మీరు రేవులో దిగి ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. అంత జ్వరం ఎందుకొచ్చిందో డాక్టర్లే తేల్చుకోలేకపోయారు. పుట్టడమే నెల ముందు పుట్టాడని మీరు వాడికి తొందరయ్య అని పేరు పెట్టారు. పోవడమూ అలాగే పోయాడు. మీరు వచ్చిన రోజు ఏడవలేదు. నేరుగా ముందు గదిలోకి వెళ్ళి, పియానో మూత వేసి, దుప్పటి తెచ్చి కప్పి, నాలుగు కొసలూ దాని కాళ్ళకి తాడుతో బిగించి కట్టారు, ఓడలో సరుకు కట్టినట్టు. ఆ దుప్పటి ఎవరూ విప్పకూడదన్నారు. సెలవు ఇంకా మిగిలి ఉండగానే ఓడెక్కేశారు. నేను తప్పు పట్టలేదు. ఇంజను మోతలో ఉంటే ఇంకేమీ వినపడదు కదా, మీకు అదే మంచిది అనుకున్నాను.

మీ మాట నెలల తరబడి కాపాడాను. పక్క గదిలోంచి వెళ్ళేటప్పుడు కూడా అటు చూసేదాన్ని కాదు. అంతలో వానలకి ముందు గది గోడ చెమ్మెక్కింది. చెమ్మ పెడితే లోపలి మెత్తటి ఉన్ని పీల్చుకుని తీగల్ని కొట్టే సుత్తులు బిగుసుకుపోతాయి, ఆ సంగతి మీకు నేను చెప్పాలా. కొన్న కొత్తలో కాలితో తొక్కే పెడలు కిర్రుమంటోందని ఇంజను నూనె తెచ్చి లోపలంతా పోశారు. బాగుచేసేవాడు వచ్చి నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. "సార్, ఇది పియానో అండీ, పంపుసెట్టు కాదు" అన్నాడు. మనవాడు ఆ మాట ఎన్నేళ్ళు చెప్పుకుని నవ్వాడో. అదంతా గుర్తొచ్చి, సరే, ఒకసారి తుడిచి మళ్ళీ కట్టేద్దామని తాళ్ళు విప్పాను. మీరు వేసిన ముడులు ఊడదీయడానికే మధ్యాహ్నం గడిచిపోయింది.

ఎడమ చివర నుంచి మెట్టు మెట్టూ తుడుచుకుంటూ వస్తున్నాను. ఒకచోట ఎడమ చెయ్యి దానంతటది ఆగి, వాడి పాట మొదలుపెట్టింది. నేను మొదలుపెట్టలేదు. చెయ్యే మొదలుపెట్టింది.

మీరు ఎప్పుడూ నీళ్ళ మీదే ఉండేవారు గనక ఈ పద్ధతి మీకు పూర్తిగా తెలియదు. వాడికి పియానో నేర్పిన పంతులమ్మగారు ఏ పాట ఇచ్చినా ముందు ఏ చేతికి ఆ చెయ్యి విడిగా నేర్చుకోమంటారు. మనవాడికి ఎడమ చెయ్యంటే విసుగు. పాటంతా కుడి చేతిలో ఉంటే, ఎడమ చేతిది కూలి పనట. "అమ్మా, నువ్వు ఎడమ చెయ్యి చూసుకో, నేను కుడి చెయ్యి చూసుకుంటా" అనేవాడు. ఆ స్టూలు మీద వాడు కుడివైపు, నేను ఎడమవైపు, ఇద్దరం ఇరుకిరుగ్గా కూర్చునేవాళ్ళం. చిన్నప్పటి పిల్లల పాటల దగ్గర్నుంచి పియానో పరీక్షల్లో ఎనిమిదో గ్రేడు దాకా అలాగే సాగింది. తర్వాత వాడు రెండు చేతులూ కలుపుకునేవాడు, కానీ మొదట నేను పక్కన ఉండాల్సిందే. ప్రార్థన మందిరంలో వాయించే నెమ్మది పాటలు తప్ప ఏమీ రాని నాకు ఆ విధంగా వాడి పాటలన్నిటికీ సగం వచ్చేసింది.

ఆ సగమే ఆ మధ్యాహ్నం వినపడింది. దిగువ మెట్టు ఒకటి, పైన రెండు దెబ్బలు, మళ్ళీ దిగువ మెట్టు. గంతులేసే పాట కదా, ఎడమ చెయ్యి గెంతుతూనే ఉంటుంది. కుడి చెయ్యి లేదు. ఎవరో ఫోనులో మాట్లాడుతుంటే అవతలి మనిషి మాట మనకి వినపడనట్టు ఉంది. నేను 'ఊఁ, ఊఁ' అంటూ ఉన్నాను, అటునుంచి మాట లేదు. చివరిదాకా వాయించి, అక్కడే కూర్చుండిపోయాను. ఏడిచానని రాస్తే మీరు నమ్ముతారు గాని, అప్పుడు ఏడుపు రాలేదు. ఇలా సగంతో బతకలేను అనిపించింది, అంతే.

ఆ వారమే పంతులమ్మగారింటికి వెళ్ళాను. కళ్ళజోళ్ళ దుకాణం మీద మేడ ఉంది చూశారూ, ఇప్పటికీ అక్కడే ఉంటారు. మెట్లు ఎక్కడం కష్టమని కిందికి దిగడమే మానేశారట. పియానో మీద మందుసీసాలు వరసగా పెట్టుకున్నారు. వేళ్ళు వంకర్లు తిరిగాయి. పెన్సిలు మాత్రం చేతిలోంచి పోలేదు. యాభై ఏళ్ళ దాన్ని, నన్నింకా అమ్మాయ్ అనే అంటారు.

"ఏవమ్మాయ్, దారి తప్పి వచ్చావా?"

"మా వాడి పాట కుడి చెయ్యి నేర్పించాలండీ."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసి చూశారు. "ఏ పాట? ఆ గెంతే పాటా? ఎనిమిదో గ్రేడుది అది. నువ్వు వాయించేవి కళ్ళు మూసుకుని వినే పాటలు. దీనికి కళ్ళు మూస్తే పళ్ళు రాలతాయి."

"తెలుసండీ."

"తెలిసీ ఎందుకు ఈ వయసులో యాతన?"

"సగం వినపడుతోందండీ. మిగతా సగం కూడా వినపడితే గాని మనసు నిలిచేలా లేదు."

ఆవిడ పెన్సిలుతో మోకాలి మీద రెండుసార్లు కొట్టుకున్నారు. తర్వాత, "చేతులు చూపించు" అన్నారు. చూపించాను. సూదిపోట్లతో గరుకుబారి ఉన్నాయి. "వేళ్ళు పొట్టి. గోళ్ళు కత్తిరించుకో. మంగళవారం రా. ఏడిస్తే మాత్రం పంపించేస్తాను, నా దగ్గర రుమాళ్ళు లేవు."

అలా చేరానండీ. మీకు చెప్పలేదు. అడిగితే వద్దంటారని భయపడ్డాను.

కుడి చెయ్యి అంత కష్టమని వాడి పక్కన కూర్చున్నన్నాళ్ళూ నాకు తెలియలేదు. ఒకే మెట్టుని మూడు వేళ్ళతో, ఒకదాని వెనక ఒకటి, మూడు, రెండు, ఒకటి అంటూ మార్చి మార్చి కొట్టాలి. మెట్టు మీద వేలు పెట్టీ పెట్టనట్టు ఉండాలి. నా వేలు మెట్టు మీద పడితే లేవదు. మందిరంలో స్వరాన్ని పట్టుకుని నిలబెట్టడమే కదా నా అలవాటు. పంతులమ్మగారు, "పెనం మీద వేలు పెట్టావనుకో, ఎంత చప్పున తీస్తావు? అలా తియ్యి" అనేవారు. రెండు నెలలు ఒక్క పేజీ మీదే ఉన్నాను.

వాడి కాగితాల మీద ఏ స్వరానికి ఏ వేలో పెన్సిలుతో అంకెలు వేసి ఉన్నాయి. వాడివి పొడుగు వేళ్ళు, మీ వేళ్ళు. నాకు ఆ అంకెలు అందలేదు. ఓ మంగళవారం పంతులమ్మగారు రబ్బరు తీసి వాటిని చెరపడం మొదలుపెట్టారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "వేళ్ళు నీవా, వాడివా?" అని అడిగారు, కోపంగా కాదు. నేను చెయ్యి వదిలేశాను. రబ్బరు పొడి ఊదేసి, నా వేళ్ళ అంకెలు వేశారు. ఇంటికొచ్చేటప్పుడు దారి పొడుగునా నా కుడి చెయ్యి నాది కానట్టే ఉంది.

కొట్టులో గుడ్డ కత్తిరించే బల్ల మీద కూడా వేళ్ళు ఆడించేదాన్ని. మా యజమాని చూసి, "ఏమ్మా, బల్ల మీద టైపు కొడుతున్నావు, నా మీద ఎవరికైనా ఫిర్యాదు రాస్తున్నావా?" అన్నాడు. కొట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మంచివాడే, తర్వాత ఏమీ అడగలేదు.

మీ చెల్లెలు చెప్పిన సంగతికొస్తాను. తనని ఏమీ అనకండి. ఓ సాయంత్రం కూరగాయల సంచీతో వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"వదినా, ఏంటిది?"

"ఏది?"

"ఏదంటావేంటి. వీధి మలుపు దాకా వినపడుతుంటే. బిడ్డ పోయిన ఇంట్లోంచి ఆ గంతుల పాటేంటి? బేకరీ ఆవిడ నన్ను ఆపి మరీ అడిగింది, మీ వదిన కోలుకున్నట్టుందే అని. ఏం చెప్పమంటావు?"

"కోలుకోలేదని చెప్పు."

"మరెందుకు వాయించడం? పోనీ ఆ భక్తి పాటలు వాయించుకో, ఎవరూ కాదనరు. కిటికీలైనా మూసుకో."

"మూసుకుంటాలే."

"అన్నయ్యకి చెప్పావా?" నేను వెళ్ళి కిటికీ రెక్క లాగాను. "చెప్పవు. నీ సంగతి నాకు తెలీదా. దాహమేసినా ఎవరైనా అడిగేదాకా మంచినీళ్ళు కావాలని చెప్పే మనిషివి కాదు. నేనే చెబుతా." అని, సంచీ కిందపెట్టి, మెట్టు మీద కూలబడి ఏడ్చింది. "వాణ్ణి ఎత్తుకు తిరిగింది నేను కాదూ. ఆ పాట వింటుంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంది వదినా."

నేను పక్కన కూర్చుని తన వీపు నిమిరాను. తను చెప్పింది అబద్ధం కాదు కదా. ఆ రోజు నుంచి కిటికీలు వేసుకునే వాయిస్తున్నాను. ఎండకి చెమట కారి వేళ్ళు మెట్ల మీద జారుతుంటాయి. అయినా వినపడిందన్నమాట.

కష్టపడి రెండు చేతులూ కలిపాను. నెమ్మదిగానే అయినా పాట ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చింది. పంతులమ్మగారు అంతా విని, ఒకచోట పెన్సిలు పెట్టారు.

"ఇక్కడ ఎందుకు ఆగుతున్నావు?"

ఆ చోటు మీకు తెలుసు. చూస్తే గుర్తుపట్టకపోవచ్చు గాని, వింటే తెలుస్తుంది. మధ్యలో నెమ్మది భాగం అయిపోయి పాట మళ్ళీ గెంతులు మొదలుపెట్టే ముందు, కుడి చెయ్యి ఎడమవైపుకి, దాదాపు పక్కన కూర్చున్న నా మోచేతి దాకా వస్తుంది. అక్కడి నుంచి ఒక్క దూకున కుడి చివరకి పోవాలి. మన తొందరయ్య అన్నిచోట్లా పరుగే, ఆ ఒక్కచోట మాత్రం ఆగేవాడు. తల తిప్పి ఆ చివర మెట్టుని చూసుకుని, ఊపిరి పీల్చుకుని, అప్పుడు దూకేవాడు. పంతులమ్మగారు ఎంత తిట్టినా పోలేదు. "నాయనా, అక్కడ బస్టాపు లేదు" అనేవారు. మేమిద్దరం దాన్ని దూకే చోటు అనుకునేవాళ్ళం. వాడు చూసుకుంటున్నంతసేపూ నేను ఎడమ చెయ్యి పట్టుకుని ఆగేదాన్ని. వాడి ఊపిరి నా చెవి పక్కనే వినపడేది. ఆ తర్వాతే నా చెయ్యి కదిలేది.

నేను ఆగుతున్నానని నాకే తెలియదండీ. మందిరంలో నా పనే అది. పాడేవాళ్ళు ఊపిరి తీసుకునేదాకా ఆగాలి, ముసలివాళ్ళు వెనకబడితే ఆగాలి, ఎవరైనా చరణం మర్చిపోతే ఆగాలి. మనుషుల కోసం ఆగడమే నాకు వచ్చిన విద్య.

"ఆగుతున్నానా?" అన్నాను.

"ప్రతిసారీ. ఇందులో పాడేవాళ్ళు లేరమ్మాయ్. ఎవరూ రారు. ఎవరి కోసం ఆగుతున్నావు?"

అడిగిన మరుక్షణం ఆవిడకీ అర్థమైంది. పెన్సిలు దించేశారు. లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు రాలేదు. తిరిగొచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"నేను పాట నేర్పే మనిషిని. పాటలో అక్కడ ఆగడం లేదు. రాసినాయన పెట్టలేదు. ఆగితే తర్వాత వచ్చే గెంతంతా చచ్చిపోతుంది. అది నీకు చెప్పాలి గనక చెప్పాను. తీసెయ్యాలో ఉంచుకోవాలో నాకు తెలీదు. ఈ వారం రాకు. తేల్చుకుని రా."

తేల్చుకోవడానికి ప్రార్థన తప్ప నాకు వేరే దారి తెలియదు. అడిగాను. జవాబు ఏమీ రాలేదు. ఆ ఆగడంలో వాడు ఉన్నాడండీ. ఫోటోలో ఉన్నట్టు కాదు. ఆ కాస్త సేపూ వాడు నా కుడిపక్కన కూర్చుని తల తిప్పి చూసుకుంటున్నాడు. అది తప్పే, వాడు ఎంత సాధన చేసినా పోని తప్పు. నా చేతికి వాడు అంటించి వెళ్ళింది అదొక్కటే. దాన్ని పిల్లవాడి చొక్కా ఇచ్చేసినట్టు ఎలా ఇచ్చెయ్యను?

మరోపక్క పాట ఉంది. అది కూడా నన్ను లాగుతోంది. ఆగినప్పుడల్లా తర్వాత వచ్చేది కుంటుతూ వస్తోంది. వాడు రెండు చేతులూ కలిపి, ఆగకుండా, పరీక్షలో వాయించాలనే కదా అంత కష్టపడ్డాడు. వాడు బతికుంటే ఆ తప్పుని ఎప్పుడో వదిలేసి, ఇంకో పాటకి వెళ్ళిపోయేవాడు. నేను మాత్రం వాణ్ణి అక్కడే, దూకకుండా, పట్టుకు కూర్చున్నాను.

మెట్రోనోము బయటికి తీశాను, వాడి బల్ల మీద ఉండే, తాళం వేస్తూ టకటకలాడే ఆ పెట్టె. అది ఎవరి కోసమూ ఆగదు. ఆ ఒక్క చోటునే, స్వరాల కాగితం మీద ముందు రెండు గడులూ వెనక రెండు గడులూ కలుపుకుని, రోజూ కొట్టు నుంచి రాగానే వాయించాను. చూసుకోకుండా దూకడం నేర్చుకున్నాను. పక్కకి తప్పి పడ్డ రోజులే ఎక్కువ.

ఇప్పటిదాకా రాసింది మీ చెల్లెలికైనా చెప్పగలను. ఇక మీద రాసేది ఇంకెవరికీ చెప్పలేను.

క్రితం ఆదివారం మందిరం నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా కూర్చున్నాను. పాట మొదలుపెట్టాను. ఎక్కడా ఆగలేదు. ఎప్పుడు నెమ్మది భాగం వచ్చిందో, ఎప్పుడు పోయిందో, చెయ్యి ఎప్పుడు దూకిందో తెలియదు. వేళ్ళు నిజంగా పెనం మీద ఉన్నట్టే ఎగిరాయి. చివరి దెబ్బ కొట్టి చేతులు పైకి తీశాక, పియానో నల్లటి చెక్కలో నా ముఖం కనపడింది. నవ్వుతున్నాను. బుగ్గలు వేడిగా ఉన్నాయి. ఎంత హాయిగా ఉందంటే, ఏడాది తర్వాత గుండెల నిండా గాలి పీల్చినట్టు ఉంది.

అప్పుడు తెలిసిందండీ. మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా వాడు నాకు గుర్తు రాలేదు. దూకే చోట కూడా రాలేదు.

వాడి పాట, వాడి స్టూలు, వాడు కూర్చునే చోటు. కన్నతల్లిని, అక్కడ కూర్చుని వాణ్ణి మరిచిపోయి సంతోషపడ్డాను.

వెంటనే మోకరించాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. కానీ అడిగితే అబద్ధమవుతుంది, ఎందుకంటే మళ్ళీ అలా వాయించాలని ఉంది. దేవుడి ముందు నేను ఎప్పుడూ ఒక్క మాట దాచలేదు. ఆ రోజు మోకాళ్ళ మీదే ఉండి ఏమీ చెప్పకుండా లేచాను. ఇది పాపమో, ఆయన ఇచ్చిన ఊరటో నాకు తేలలేదు. మందిరం పెద్దాయన్ని అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తాడు, అందుకే అడగలేదు.

ఇంకొకటి కూడా ఉంది. మర్నాడు ఆ ఆగడం మళ్ళీ తెచ్చుకుందామని చూశాను. దూకే చోటు రాగానే కావాలని ఆగాను. ఆగింది నేను. వాడు ఆగడం కాదది. ఎంతసేపు ఆగాలో కూడా చేతికి తెలియలేదు. ఎక్కువ ఆగాను, తక్కువ ఆగాను, కళ్ళు మూసుకుని చెవి పక్కన ఊపిరి కోసం చూశాను. నాటకంలా ఉంది. పోయింది. నా చేతులారా తీసేసుకున్నాను. అప్పుడు మాత్రం ఏడిచానండీ, పోయిన ఏడాది ఏడవనిదంతా ఏడిచాను.

రెండు రోజులు మూత తియ్యలేదు. మీరు చెప్పినట్టు పెద్దాయనకి కబురు చేసి పంపించేద్దామనే అనుకున్నాను. అంతలో మీ ఉత్తరం మళ్ళీ తీసి చదువుతుంటే మీ గొంతు చెవిలో పడింది. దాంతోపాటు మీ ఈల గుర్తొచ్చింది.

వాడు పోకముందు మీరు ఆఖరిసారి సెలవు మీద ఉన్నన్నాళ్ళూ ఈ పాటే సాధన చేశాడు. మీరు గడ్డం గీసుకుంటూ దాన్నే ఈల వేసేవారు. మీకు స్వరాలు తెలియవు, వాడు ఎలా వాయిస్తే అలాగే పట్టుకున్నారు. దూకే చోటు రాగానే బ్లేడు గాల్లో పెట్టి, ఈల ఆపి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ అందుకునేవారు. వాడు ముందు గదిలోంచి, "నాన్నా, నా తప్పు కూడా బట్టీ పట్టావా?" అని అరిచేవాడు. మీరేమో, "ఓరి నీ, అది పాటలోది కాదా? నాకు బాగా నచ్చిన ముక్క అదేరా" అన్నారు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేను వంటింట్లోంచి విన్నాను.

మీ దగ్గర అది చెక్కుచెదరకుండా ఉంటుంది. మీరు ఏడాదిగా ఈల వెయ్యలేదని నాకు తెలుసు. కానీ అది లోపల ఉంది, తాళ్ళతో కట్టేసి.

అందుకని చెబుతున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీ మాట నేను కాదనలేదు. ఈ ఒక్కటి కాదంటున్నాను. పియానో ఎవరికీ ఇవ్వను. అలా అని మిమ్మల్ని రావద్దనలేను, రాకపోతే బతకలేను. మీరు రండి. మీరు ఉన్నన్నాళ్ళూ మూత తియ్యనంటే తియ్యను, మీరు వద్దంటే ఆ గది తలుపే వేసి ఉంచుతాను. నాకు మీ దగ్గర కావలసింది ఒకటే. ఏదో ఒక రోజు, మీకు ఎప్పుడు చేతనైతే అప్పుడు, గడ్డం గీసుకుంటూ ఆ పాట ఈల వెయ్యండి. నేను వంటింట్లో ఉంటాను, కనపడను. ఆ చోట మీరు ఆగండి. ఎంతసేపు ఆగాలో ఇప్పుడు ఈ లోకంలో మీకొక్కరికే తెలుసు.

ఈ కాగితాలు పారెయ్యకండి, దాచండి. ఎవరికీ చూపించకండి. మీ గదిలో ఉండే ఆ వంటాయన మంచివాడని రాశారు, అయినా చూపించకండి. మీ చెల్లెలికి అసలే వద్దు. నేను నవ్విన సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి.

ఇట్లు,
మీ తొందరయ్య వాళ్ళమ్మ